పిల్లలు చదివే నవలలు మనమూ చదవడం ఎలా

మీ క్లాసు పిల్లలు ఏ నవల చదువుతున్నారో తెలుసుకుందామని “ఏం చదువుతున్నవ్‌రా?” అని అడిగారనుకోండి, “ఏం లేద్సార్” అంటారు. నేను లెక్కల సార్‌ని కాబట్టి నాకు ఇంకో జవాబు కూడా వస్తుంది: “ఎక్కాలు సార్.” అది అబద్ధమని నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

అందుకని మొట్టమొదట అడగడం మానేయండి. చూడటం మొదలుపెట్టండి.

ముందు పుస్తకాన్ని పట్టుకోవాలి

మా హైస్కూలు నల్గొండ జిల్లాలో, దేవరకొండ వైపు. లైబ్రరీ అంటే హెచ్‌ఎం గదిలో ఒక ఇనుప బీరువా. దాని తాళంచెవి నాకేదో గౌరవంగా ఇచ్చింది కాదు, ఎవరూ తీసుకోకపోతే నా చేతికి మిగిలింది. మీ బడిలోనూ అలాంటి బీరువా ఉంటే, ముందు ఇష్యూ రిజిస్టర్‌ని పక్కన పెట్టండి. అందులో సగం ఎంట్రీలు తనిఖీ ఉందని తెలిసిన రోజు కూర్చుని రాసినవి అయ్యుంటాయి. మా దాంట్లో ఆ చేతిరాత నాదే.

రిజిస్టర్ కంటే పుస్తకం నిజం చెప్తుంది. బీరువాలోవన్నీ కిందికి దించి, ఒక్కొక్కటి పక్క నుంచి చూడండి. పేజీల అంచు ఎక్కడిదాకా నల్లబడిందో కనిపిస్తుంది. మొదటి 20 పేజీలు మాసి, ఆ తర్వాతంతా తెల్లగా ఉంటే చాలామంది మొదలుపెట్టి వదిలేశారని. చివరిదాకా ఒకే తీరుగా మాసి ఉంటే, కుట్టు వదులైతే, అట్టకు ఎవరో టేపు వేస్తే, మీరు చదవాల్సిన నవల అదే. లోపల ఏం దొరుకుతాయో కూడా చూడండి. నాకు చాక్లెట్ కాగితాలు, బస్సు టికెట్లు, ఒక నెమలీక, బతుకమ్మ నాటి ఎండిపోయిన గునుగు పువ్వు దొరికాయి. గునుగు పువ్వు ఉన్న పేజీలో ఒక గుర్రం చనిపోతుంది. ఆ పువ్వు ఊరికే గుర్తుకోసం పెట్టిందో, గుర్రానికి పెట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

అట్ట మెరుస్తూ, ఆకు కూడా నలగకుండా ఉన్న పుస్తకాలు కొన్ని కనిపిస్తాయి. అవి పెద్దవాళ్ళు మెచ్చి కొన్నవి. వాటి సంగతి తర్వాత.

రెండో ఆనవాలు ఆటలో దొరుకుతుంది. పిల్లలు ఒక నవల మీద పడ్డారంటే అందులోని పేర్లు వారం తిరక్కుండా గ్రౌండులో వినిపిస్తాయి. ఒకసారి మా ఏడో తరగతి వాళ్ళు కబడ్డీ ఆడుతూ ఒకడిని “మాంత్రికా” అని పిలుస్తుంటే ఆరా తీశాను. ఎవరింట్లోనో తాతగారి పెట్టెలోంచి చందమామ సీరియల్ ఒకటి బైండు చేసింది బయటపడిందట. చందమామ 1947 జులైలో మొదలైంది. 1954లో వచ్చిన ‘తోకచుక్క’ నుంచి ఎన్నో ఏళ్ళు దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సాహస సీరియళ్ళే పిల్లల్ని నెలనెలా ఎదురుచూసేలా చేశాయి. అంత పాత సరుకు, సెల్‌ఫోన్ చేతిలో ఉన్న పిల్లల్ని పట్టుకుంటుందని నేను అనుకోలేదు. పట్టుకుంది.

మూడోది దసరా సెలవుల తర్వాత. అన్నో అక్కో గురుకులంలో చదివే పిల్లలకు ఆ సెలవుల్లోనే కొత్త పుస్తకాలు అందుతాయి. చేతిరాత లాంటి అక్షరాలతో, పేజీకో కార్టూన్‌తో ఉండే ఇంగ్లిష్ డైరీ నవలలు మా ఊరికి ఆ దారిలోనే వచ్చాయి. సెలవులు అయ్యాక మొదటి వారం సంచుల వైపు ఒక కన్నేసి ఉంచండి.

గుంజుకోవద్దు, వరుసలో నిలబడండి

లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి నవల చదివేవాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు. మీరు దాన్ని గుంజుకుని టేబుల్ డ్రాయర్లో వేశారంటే ఆ పుస్తకం మీకు దొరికినట్టే, కానీ ఆ పిల్లవాడు దొరకడు. “ఇది అయిపోయినాక నాకిస్తవా?” అని అడగండి. మొదట నమ్మడు. రెండోసారి అడగండి.

మా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి దగ్గర వెనక పేజీలో వరుస రాసుకున్న నోటు ఉండేది. ఒక నవల కోసం ముగ్గురు ముందే పేరు రాయించుకున్నారు. నా పేరు కింద రాసింది: ‘లెక్కల సార్ – 4.’ నా వంతు రావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఈ మూడు వారాల్లో నేనేం చేశానంటే, కారిడార్‌లో కనిపించినప్పుడల్లా “యాడిదాక వచ్చింది?” అని అడిగాను. పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎవరు ఆలస్యం చేస్తున్నారో, ఎవరికి జ్వరమొచ్చిందో అన్నీ చెప్పేవాళ్ళు. పుస్తకం తెరవకముందే అంత ముచ్చట జరిగింది. అధికారంతో ముందు తెచ్చుకుని ఉంటే ఇదేదీ ఉండేది కాదు.

తిరిగి ఇవ్వడంలో నేనే రెండు రోజులు ఆలస్యం చేశాను. రూపాయి జుర్మానా వేశారు, కట్టాను. మీకూ వేస్తే వాదించకండి.

ఎంతసేపు పడుతుంది

“టైమెక్కడిది సార్?” అని తోటి సార్లు, మేడమ్‌లు అంటుంటారు. లెక్కేసి చూద్దాం. పిల్లల నవల మామూలుగా 60 నుంచి 100 పేజీలు. పేజీకి 170 మాటలనుకుంటే 70 పేజీల పుస్తకంలో సుమారు 12 వేల మాటలు. పెద్దవాళ్ళు మనసులో నిమిషానికి 150 మాటలు తాపీగా చదవగలరు. 80 నిమిషాలు. నల్గొండ నుంచి దేవరకొండ దాకా పల్లెవెలుగు బస్సులో ఒక్క పూట ప్రయాణం. రోజూ బస్సుకు వచ్చిపోయేవాళ్ళకి నవల ఒక రోజు పని. బండి మీద వచ్చేవాళ్ళకి ఈ సౌకర్యం లేదు, వాళ్ళు లీజర్ పీరియడ్లు రెండు పక్కన పెట్టుకోవాలి.

స్టాఫ్‌రూంలో చదివితే “ఏంది సార్, మళ్ళ చిన్నగైన్రా?” అని ఒకరంటారు. అననివ్వండి. నాలుగో రోజు వాళ్ళే వచ్చి “ఏముంది అందులో?” అంటారు.

ఇక అసలు చదవడం గురించి. టీచర్లకు ఒక జబ్బు ఉంది. వెనక అట్ట చదివి, మొదటి అధ్యాయం చూసి, చివరి రెండు పేజీలు తిప్పి “ఆ, తెలిసిందిలే” అనుకుంటాం. పేపర్లు దిద్ది దిద్ది వచ్చిన అలవాటు. నేను ఒకసారి అలాగే చదివి, చదివానని చెప్పుకున్నాను. ఆరో తరగతి పిల్లవాడు మామూలుగా అడిగాడు: “గా కుంటి కుక్క వానికి యాడ దొరికింది సార్?” నేను గుటకలు మింగాను. వాడు ఏమీ అనలేదు, నా మొహం చూసి తల ఊపి పోయాడు. ఆ తర్వాత ఒక నెల దాకా ఏ పుస్తకం గురించీ వాళ్ళు నాతో ఎత్తలేదు. మళ్ళీ వాళ్ళను దగ్గర చేసుకోవడానికి ఆ నవల నిజంగా చదవాల్సి వచ్చింది. కుక్క 17వ పేజీలో, ఇటుక బట్టీ దగ్గర దొరుకుతుంది.

కాబట్టి మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా, ఏదీ దాటకుండా చదవండి. ఎర్ర పెన్ను జేబులోంచి తీసి సంచిలో వేయండి. అచ్చుతప్పు కనిపిస్తే చెయ్యి దురద పెడుతుంది, ఓర్చుకోండి. ఒత్తు తప్పిందని సున్నా చుట్టిన నవల మళ్ళీ పిల్లల చేతికి వెళ్తే అది ఆన్సర్ షీటులా కనిపిస్తుంది.

నాది ఇంకో రకం దురద. ఒక కథలో పిల్లవాడు రాత్రికి రాత్రి పది ఆమడలు నడుస్తాడు. ఆమడకు ఎనిమిది మైళ్ళ లెక్కన అది 120 కిలోమీటర్ల పైమాట, అంటే నల్గొండలో బయల్దేరి హైదరాబాద్ దాటిపోయినట్టు. ఈ సంగతి పుస్తకం ఇచ్చిన పిల్లతో అన్నాను. “వాళ్ళమ్మకు మందు తేవాలె కద సార్” అంది. అంతే జవాబు. మందు తేవాలంటే ఎన్ని ఆమడలైనా ఆగవు. మీరు సైన్సు టీచరైతే ఎగిరే చాప దగ్గర, సోషల్ టీచరైతే రాజుల కాలంలో మిరపకాయ బజ్జీల దగ్గర ఇలాగే ఆగిపోతారు. పోర్చుగీసువాళ్ళు వచ్చేదాకా మనకు మిరపకాయ లేదన్నది నిజమే. చదువుతున్నంతసేపు దాన్ని నోట్లోనే ఉంచుకోండి.

మొదటి 20 పేజీలు మీకు విసుగ్గా ఉండొచ్చు. మన బుర్ర పెద్దవాళ్ళ కథలకు అలవాటుపడింది. ఇక్కడ అంతా పైకే ఉంటుంది, సంఘటన మీద సంఘటన వస్తుంది. వేగం తగ్గించి, బొమ్మ ఉన్న పేజీ దగ్గర కాసేపు ఆగండి. పిల్లలు బొమ్మను కూడా చదువుతారు. కథలో పేరు లేని మనిషి బొమ్మలో మూలన ఉంటే వాళ్ళకు తెలుసు, మనకు తెలియదు.

చించిన కాగితం ముక్కలు మూడు జేబులో పెట్టుకోండి. నవ్వొచ్చిన చోట ఒకటి, భయమో దిగులో కలిగిన చోట ఒకటి, విసుగొచ్చిన చోట ఒకటి పెట్టండి. రాయకండి, ఊరికే పెట్టండి. ఇవి తర్వాత పనికొస్తాయి.

టోమోయే బడి, పాయిఖానా గుంట

మెరిసే అట్టల సంగతి అన్నాను కదా. మన టీచర్లు చాలామంది మెచ్చుకునే పుస్తకం ‘రైలుబడి’. జపాన్‌లో 1981లో తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసింది. పాత రైలు పెట్టెల్లో తరగతులు నడిచే టోమోయే బడి, దాని హెడ్మాస్టర్ కొబయాషి. 1945లో టోక్యో మీద పడ్డ బాంబులకు ఆ బడి కాలిపోయింది. ట్రైనింగుల్లో దీని పేరు వినని టీచర్ తక్కువ. మొదటి రోజే హెడ్మాస్టర్ ఆ చిన్నపిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు కూర్చుని విన్నాడన్న చోట మనం అందరం కింద గీత గీస్తాం. నేనూ గీశాను.

అదే పుస్తకం మా పిల్లల చేతుల్లో తిరిగి వచ్చాక ఎక్కడ మాసిందో చూశాను. పిల్ల తన పర్సు పాయిఖానాలో పడేసుకుని, బయట గుంటలోంచి గరిటెతో అంతా తోడి కుప్ప పోస్తుంది చూడండి, అక్కడ. హెడ్మాస్టర్ వచ్చి తిట్టడు, అయిపోయాక అంతా తిరిగి అందులోనే వేస్తావు కదా అని అడిగి వెళ్ళిపోతాడు. పిల్లలు ఆ భాగాన్ని ఒకరికొకరు చదివి వినిపించుకుని ముక్కు మూసుకుని నవ్వారు. మనకు నచ్చింది మాస్టారు. వాళ్ళకు నచ్చింది కంపు, దాంతోపాటు ఆ కంపులో కూడా దెబ్బలు పడకపోవడం. నిజానికి కొబయాషి ఎవరో వాళ్ళకే నాకంటే బాగా అర్థమైందేమో.

ఇలాంటి తేడా కనిపెట్టడానికే మీరు చదివేది. మీ మూడు కాగితాలకూ పిల్లల మాసిన పేజీలకూ ఎక్కడ పొంతన లేదో అక్కడ మళ్ళీ ఒకసారి చదవండి.

ఉల్లిపాయా, ఉల్లిగడ్డా

తెలుగు నవలల్లో ఎక్కువ భాగం మన వైపు మాటతో రాసినవి కావు. ఉల్లిగడ్డ వాటిలో ఉల్లిపాయ, పల్లీలు వేరుశనగలు, ఆలుగడ్డ బంగాళదుంప. పిల్లలు వీటి దగ్గర ఆగరు, సినిమాలు చూసిన చెవులు. ఆగేది మనమే, ‘అర్థాలు చెప్పాలి’ అని. అక్కర్లేదు. మాట తెలియకపోయినా కథ నడుస్తుంటే దాటేస్తారు, మూడోసారి అదే మాట వచ్చేసరికి వాళ్ళంతట వాళ్ళే పోల్చుకుంటారు.

మా బడికి తండాల నుంచి వచ్చే పిల్లలున్నారు. ఇంట్లో వాళ్ళ మాట వేరు, తెలుగు బడిలో నేర్చుకున్నదే. దానిమీద 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పక్క తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. పిల్లలు రెండు పేజీల మధ్య చూపు అటూ ఇటూ తిప్పుతూ చదవడం నేర్చుకున్నారు. దానివల్ల ఒక చిక్కుంది: పేజీ మొదటి నుంచి చివరిదాకా ఒకే భాషలో ఆగకుండా చదివే అలవాటు తక్కువైంది. ఆ అలవాటు తిరిగి వచ్చేది నవలతోనే అని నా నమ్మకం.

ఇంగ్లిష్ నవల వాళ్ళ చేతిలో ఉంటే, మీ ఇంగ్లిష్ అంతంతమాత్రమైతే ఇంకా మంచిది. నాది అంతంతమాత్రమే. ఒక జోకు అర్థం కాక తొమ్మిదో తరగతి పిల్లవాడిని అడిగాను. వాడు పది నిమిషాలు చెప్పాడు. జోకు చచ్చిపోయింది కానీ, వాడు లెక్కల క్లాసులో ముందు బెంచీకి వచ్చాడు.

నచ్చని పేజీ వస్తే

పాత సాహస కథలు చదువుతుంటే ఎక్కడో ఒకచోట గొంతులో ముల్లు గుచ్చుకుంటుంది. చెడ్డవాడు నల్లగా ఉంటాడు. అడవిలో ఉండేవాళ్ళు పచ్చిమాంసం తినే మూఢులు. లావుగా ఉన్నవాడు నవ్వించడానికే పుడతాడు. ఆడపిల్ల అంట్లు తోముతూ కథలోంచి జారిపోతుంది. నల్లమల పక్కన ఉన్న బళ్ళలో మన ముందు చెంచు పిల్లలు కూర్చుని ఉంటారు. మీరు చదవకుండా ఇచ్చేస్తే ఆ పేజీ వాళ్ళకు ఒంటరిగా ఎదురవుతుంది.

నిషేధించడం తేలిక. నేను అది చేయను. నిషేధించిన పుస్తకం ఇంకా ఎక్కువ తిరుగుతుంది, ఈసారి మీకు తెలియకుండా. నీతి ఉపన్యాసమూ వద్దు. మీరు కూడా ఒక పాఠకుడిగా “నాకు ఈ పేజీ మంచిగనిపించలే” అని ఒక్క మాట అనండి. ఎందుకో కూడా వెంటనే చెప్పకండి. మా దగ్గర ఒక పిల్ల “నాక్కూడ సార్, అందుకే గా పేజీ మలిసి పెట్టిన” అంది. నిజంగానే ఆ కాగితం లోపలికి మడిచి ఉంది. తర్వాత చదివినవాళ్ళు ఆ మడత విప్పి చదివి, మళ్ళీ మడిచేవాళ్ళు.

ఒక్కచోట మాత్రం మినహాయింపు ఉంది. కథలో ఒక కులాన్నో మతాన్నో తిట్టుగా వాడి, క్లాసులో ఎవరో ఆ తిట్టును పట్టుకుని పక్కవాడిని అంటే, అది ఇక పుస్తకం సంగతి కాదు. అక్కడ సార్‌గానే మాట్లాడాలి, ఆ పూటే.

ఏం అడగకూడదు

చదివేశారు. మూడు కాగితాలు పెట్టారు. ఇప్పుడు పిల్లలతో మాట్లాడాలి. ఎక్కువమందిమి ఇక్కడే పాడుచేస్తాం.

నేను వేసిన మొదటి ప్రశ్న: “ఈ నవల వల్ల నువ్వేం నేర్చుకున్నవ్?” అప్పటిదాకా గుర్రం గురించి ఊపిరాడకుండా చెప్తున్న పిల్ల చేతులు కట్టుకుని నిలబడి “జంతువులను ప్రేమించవలెను సార్” అంది. ‘వలెను’ అంది! మన వైపు ఏ ఇంట్లోనూ ఎవరూ అలా అనరు. ఆ ఒక్క మాటతో గుర్రం మళ్ళీ చచ్చిపోయింది.

ఎఫ్‌ఏల్లో, అంటే ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో, పుస్తక సమీక్షకు 5 మార్కులుంటాయి, తెలుగు సార్‌కి అది తప్పదు. అక్కడ పిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసు: వెనక అట్ట మీద ఉన్నది దించుతారు, అది లేకపోతే పక్కవాడిది దించుతారు. మీరు తెలుగు టీచరైతే ఒక పని చేయండి. ఇష్టపడి చదివే నవలను సమీక్షకు తీసుకోకండి, దానికి వేరే పుస్తకం పెట్టండి. మార్కుల చెయ్యి పడని పుస్తకం కనీసం ఒక్కటైనా ప్రతి పిల్లకూ ఉండాలి.

మరి ఎలా మొదలుపెట్టాలి? మీ సంగతితో మొదలుపెట్టండి. “43వ పేజీ దగ్గర నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయిన” అన్నాను ఒకసారి. నిజంగానే దాటిపోయాను, తిరిగి రెండు కిలోమీటర్లు నడిచాను. అంతకంటే ఏమీ అనక్కర్లేకపోయింది. 43వ పేజీలో ఏముందో అందరికీ తెలుసు. ఇద్దరు ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు, మూడోవాడు “నాకియ్యకుండనే చెప్తున్రు” అని చెవులు మూసుకున్నాడు. ముగింపు మాత్రం ఎవరికీ చెప్పకండి. వరుసలో ఇంకా మనుషులుంటారు.

మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్నే అడగండి. “ఆ ముసలామె తాళంచెవి ఎందుకు దాచింది? నాకు సమజ్ కాలే.” తెలిసి అడిగితే వాళ్ళకు వాసన వస్తుంది. ఇరవై ఏళ్ళుగా తెలిసిన జవాబులే అడుగుతున్న గొంతు మనది, కాబట్టి ఇది అలవాటు కావడానికి కొంత టైం పడుతుంది. అడిగాక ఆగండి. నిశ్శబ్దం వస్తే దాన్ని నింపడానికి తొందరపడకండి. పది అంకెలు లెక్కపెట్టుకోండి.

క్లాసులో నిలబెట్టి అడగొద్దు. మధ్యాహ్న భోజనం తర్వాత పళ్ళేలు కడిగే నల్లా దగ్గర ఐదు నిమిషాలు దొరుకుతాయి. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా కదులుతుంది. క్లాసులో నోరు విప్పని పిల్లలు నాతో మొదటిసారి మాట్లాడింది ఆ నల్లా దగ్గరే.

మీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. మా పిల్లలు ప్రాణం పెట్టే ఒక దెయ్యాల నవల నాకు చప్పగా ఉంది. అదే అన్నాను. వాళ్ళకు కోపమొచ్చింది, నాకు ఎందుకు భయం వేయలేదో కారణాలు వెతికారు. చివరికి తేల్చింది: “సార్ పొద్దున బస్సుల చదివిన్రు. రాత్రి కరెంటు పోయినప్పుడు చదవాలె.” ఆ మాటలో న్యాయముంది. నేను ఇంకా ఆ ప్రయోగం చేయలేదు.

ఇంకో తప్పు చెప్పి ఈ సంగతి ముగిస్తాను. నవల హిట్టయిందని నేను దాన్ని లెక్కల క్లాసులోకి తెచ్చాను: “కథలో పడవ గంటకు 6 కిలోమీటర్లు పోతే, వాగు ప్రవాహం గంటకు 2 అయితే…” వెనక బెంచీ నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. ముందు బెంచీలో పుస్తకం వరుస రాసే పిల్ల నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఏ సబ్జెక్టుకైనా సరే, దాన్ని ‘వాడుకోకండి’.

గట్టిగా చదివి వినిపించడం

ఎవరైనా లీవులో ఉంటే అడ్జస్ట్‌మెంట్ పీరియడ్ వస్తుంది కదా, దానికి ఒక నవల పక్కన పెట్టుకోండి. గట్టిగా చదివితే నిమిషానికి 100 మాటలకు మించి పోవు. పైన చెప్పిన 70 పేజీల నవలకు రెండు గంటలు. పదిహేను నిమిషాల చొప్పున ఎనిమిది సార్లు. నటించక్కర్లేదు, గొంతులు మార్చడం రాకపోతే మార్చకండి. అధ్యాయం మధ్యలో, వాళ్ళు వద్దని అరిచే చోట ఆపండి. పుస్తకం అక్కడే టేబుల్ మీద వదిలి రండి. సాయంత్రానికి ఎవరో ఒకరు ముందుకు చదివేసి ఉంటారు, ఆపకండి.

మహబూబ్‌నగర్ దగ్గర పనిచేసినప్పుడు చెట్టు మీద ఇల్లు కట్టుకున్న పిల్లల కథ ఒకటి చదివాను. క్లాసు మొత్తం ఆ చెట్టును అక్కడి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి అనే అనుకున్నారు. 2018లో దానికి చెదలు పడితే సెలైన్ బాటిళ్ళు కట్టి మందు ఎక్కించారు. ఆ బాటిళ్ళు చూసివచ్చిన పిల్లలున్నారు. కథలో చెట్టుకు జబ్బు చేసినప్పుడు ఒకడు లేచి, “సెలైన్ పెట్టాలె” అన్నాడు. రచయితకు ఆ ఉపాయం తట్టలేదు.

తర్వాతి పుస్తకం ఎక్కడిది

బీరువాలో ఉన్నవి ఒక ఏడాదిలో అయిపోతాయి. జిల్లా కేంద్రంలో, మండలాల్లో గ్రంథాలయ సంస్థ శాఖలుంటాయి. ఇంటిపన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం ఇస్తూనే ఉన్నాం, వెళ్ళి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అక్కడ పిల్లల అర మీద పోటీ పరీక్షల పుస్తకాలు ఎక్కి కూర్చుంటాయి, వాటిని జరిపి చూడాలి. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు తక్కువ ధరకు పిల్లల నవలలు వేస్తారు, అమెరికాలోని తెలుగు సంఘం తానాతో కలిసి నవలల పోటీ పెట్టి గెలిచినవాటిని అచ్చేస్తారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ జాబితాలు తెప్పించుకోండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంగ్లిష్ పిల్లల నవలలు కుప్పలుగా దొరుకుతాయి, బేరమాడాలి.

నల్గొండ వైపు ఒక ప్రత్యేకమైన గని ఉంది. కమ్యూనిస్టు పార్టీ మనుషులున్న పాత ఇళ్ళు. ఒకప్పుడు మాస్కోలో తెలుగులోనే అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకు వచ్చిన పిల్లల పుస్తకాలు ఆ ఇళ్ళ అటకల మీద ఇంకా ఉన్నాయి. గట్టి అట్ట, మంచు బొమ్మలు. “మా బడి పిల్లల కోసం” అని అడిగితే ఇచ్చేస్తారు. కొందరు ఇచ్చేముందు ఒకసారి కూర్చుని తిరగేస్తారు, అప్పుడు మాట్లాడకుండా చాయ్ తాగండి.

మీరు కొన్నవి మీరే ముందు చదివి, బీరువాలో నిశ్శబ్దంగా పెట్టేయండి. “ఇది చాలా మంచి పుస్తకం” అని మాత్రం చెప్పకండి. ఆ మాట వల్ల మూలకు పడ్డ పుస్తకాలు మా దగ్గర ఓ పది ఉన్నాయి.

పుస్తకం ఊరు దాటితే

మక్తల్ వైపు పనిచేసినప్పటి సంగతి. దసరా, దీపావళి దాటాక బడిలో పిల్లలు తగ్గిపోయేవాళ్ళు. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట అమ్మానాన్నలు పుణె, ముంబై పనులకు పోతే చిన్నవాళ్ళను కూడా తీసుకుపోతారు. ఒక ఐదో తరగతి పిల్ల అలా వెళ్ళిపోతూ నా వంతులో ఉన్న నవల కూడా తీసుకెళ్ళింది. 31వ పేజీదాకా చదివాను. మిగతా ఇద్దరు నా వెనక వరుసలో ఉన్నారు, గొడవ చేశారు.

అలా జరిగితే రిజిస్టర్‌లో ‘పోయినది’ అని రాయకండి. రాస్తే మీ జీతంలోంచి కట్టాలన్న భయంతో మళ్ళీ ఎవరికీ పుస్తకం ఇవ్వబుద్ధి కాదు. పిల్ల పేరు పక్కన ‘పుణె’ అని రాసుకోండి, తేదీ వేయండి. వీలైతే వరుసలో ఉన్నవాళ్ళ కోసం ఇంకో కాపీ తెప్పించండి, కానీ మీరు మాత్రం అందులో చదవకండి. 31వ పేజీ దగ్గరే ఆగండి.

జూన్‌లో బడి తెరిచాక ఆ పిల్ల వచ్చింది. పుస్తకానికి సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసి ఉంది, లోపల సున్నం మరకలు. “ముగ్గురం చదివినం సార్, ఆడ పక్క గుడిసెల పిల్లలు గూడ,” అని చెప్పి, నేను యాడిదాక వచ్చానో అడిగింది. ముప్పై ఒకటి అన్నాను. “ఇంక బావి కాడికి రాలేదా?” అంటూ నా పక్కన మెట్టు మీద కూర్చుంది.